ఫార్ములా కాపీ చేసినా సెల్ అడ్రసు మారకూడదంటే: డాలర్ పెట్టాలా, కట్ చేయాలా, నోట్‌ప్యాడ్‌లోకి తీసుకెళ్లాలా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒడ్డునే ఉంటాయి. మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటారు, ఇంజన్లు విప్పి చూసుకుంటారు. బోట్ల లెక్కలు రాసే మేము ఎక్సెల్ షీట్లు బాగుచేసుకుంటాం. పాత సీజన్ ఫైల్ తెరిచి, అంకెలు చెరిపేసి, ఫార్ములాలు కొత్త ఫైల్‌లోకి కాపీ చేసుకుంటాం. తప్పులన్నీ పుట్టేది ఆ కాపీ దగ్గరే.

మా షీట్ ఇలా ఉంటుంది. ఏ కాలమ్‌లో చేప పేరు, బీలో కిలోలు, సీలో కిలో రేటు, డీలో మొత్తం, ఈలో కమీషన్. కమీషన్ రేటు మాత్రం పక్కన జీ1 సెల్‌లో ఒక్కచోటే రాసి ఉంటుంది. లెక్క కోసం 4 శాతం అనుకోండి. (సెల్ పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, షీట్‌లో మీరు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.) రెండో వరుసలో వంజరం, 40 కిలోలు, కిలో 700 చొప్పున 28,000. ఈ2లో =డీ2*జీ1 అని కొడితే 1,120 వచ్చింది. సరిపోయిందని ఫార్ములాని కిందికి లాగేశాం. మూడో వరుసలో చందువా, 25 కిలోలు, కిలో 600 చొప్పున 15,000. కమీషన్ 600 రావాలి, సున్నా వచ్చింది. కిందికి లాగినప్పుడు ఫార్ములా =డీ3*జీ2 అయిపోయింది. జీ2 ఖాళీ సెల్.

జీ3లో ఎవరైనా ఐసు దిమ్మల లెక్క 60 అని రాసి ఉంటే ఇంకా నయం. నాలుగో వరుసలో 12,000 రూపాయల రొయ్యలకి 7,20,000 కమీషన్ అని చూపిస్తుంది, ఎవరైనా ఉలిక్కిపడి చూస్తారు. సున్నా అలా కాదు. మా షీట్‌లో సున్నా వస్తే చిన్న గీతలా కనిపించే ఫార్మాట్ ఉంది, ఆ గీతలు ఎవరి కళ్లకీ ఆనలేదు. మొదటి చేపకి తప్ప మిగతా వేటికీ కమీషన్ పడకుండానే లెక్క తేలింది, బోటు మీద పనిచేసే కళాసీల వాటాలు పంచేశారు. వారం తర్వాత బయటపడింది. పంచేసిన డబ్బు వెనక్కి అడగాల్సి వచ్చింది. "మాస్టారూ, పిల్లోడి ఫీజు కట్టేశానండీ" అన్న ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి నా దగ్గర పని నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ముందు ఈ పాఠమే చెబుతున్నాను.

అసలు ఎందుకు మారుతుంది?

ఎక్సెల్‌కి జీ1 అంటే ఇంటి నంబరు కాదు, దారి చెప్పడం. ఈ2లో కూర్చుని జీ1 అని రాస్తే అది "ఒక వరుస పైకి, రెండు కాలమ్‌లు కుడికి" అని గుర్తుపెట్టుకుంటుంది. జగదాంబ జంక్షన్‌లో నిలబడి ఎడమ చేతికి రెండో సందు అంటే ఒక చోటికి చేరతాం. అదే మాట పట్టుకుని గాజువాకలో నడిస్తే చేరేది వేరే చోటు. ఫార్ములా కాపీ చేసినప్పుడు జరిగేది ఇదే. చాలాసార్లు మనకి కావలసింది కూడా ఇదే, డీ2 కాస్తా డీ3, డీ4 కావాలనే కదా లాగుతున్నాం. వాటితోపాటు జీ1 కూడా కదలడమే చిక్కు.

పర్సనల్ కంప్యూటర్లకి 1979లో వచ్చిన మొదటి స్ప్రెడ్‌షీట్ విజీకాల్క్ ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండేది. ఫార్ములాని వేరే సెల్స్‌లోకి దించేటప్పుడు ఒక్కో అడ్రసు దగ్గరా ఆగి, ఇది మారాలా, అలాగే ఉండాలా అని అడిగేది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3లో ఆ జవాబు డాలర్ గుర్తు రూపంలో ఫార్ములాలోనే ఉండేది. ఎఫ్4 నొక్కితే డాలర్ పడటం అందులోనూ ఉంది. ఇప్పుడు మనల్ని ఎవరూ అడగరు కాబట్టి, లాగేముందు ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి: ఇందులో ఏది కదలాలి, ఏది కదలకూడదు? ఫార్ములా మొత్తం కదలకూడదా, ఒక్క సెల్ మాత్రమేనా? ఈ ఒక్కసారికేనా, ఎప్పటికీనా? ఏ పద్ధతి వాడాలో ఈ జవాబుల్ని బట్టే తేలుతుంది. చాలామంది అన్నిటికీ డాలరే మందు అనుకుంటారు. కాదు.

ఒక సెల్ ఎప్పటికీ కదలకూడదంటే డాలర్

కమీషన్ రేటు, టన్ను ఐసు ధర, లీటరు డీజిల్ ధర లాంటివి ఒక్కచోట ఉండి అన్ని వరుసలకీ వర్తిస్తాయనుకోండి. అప్పుడు డాలర్‌ని మించింది లేదు. ఫార్ములాలో జీ1 మీద కర్సర్ పెట్టి ఎఫ్4 నొక్కండి. ఒకసారి నొక్కితే $జీ$1, రెండోసారి జీ$1, మూడోసారి $జీ1, నాలుగోసారి మళ్లీ మామూలు జీ1. లాప్‌టాప్‌లో ఎఫ్4కి బదులు సౌండో వెలుతురో మారుతుంటే ఎఫ్ఎన్ మీట కూడా కలిపి నొక్కాలి. గూగుల్ షీట్స్‌లోనూ, లిబ్రే ఆఫీస్ కాల్క్‌లోనూ ఇదే ఎఫ్4. ఫోన్‌లో అయితే డాలర్ గుర్తు చేత్తోనే కొట్టుకోవాలి. దీనికీ డబ్బుకీ సంబంధం లేదు, అది మేకు లాంటిది. దేని ముందు కొడితే దాన్ని కదలనివ్వదు.

సగం డాలర్, అంటే కాలమ్‌కో వరుసకో ఒక్కదానికే పెట్టే డాలర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, జనం భయపడి వదిలేసేది దీన్నే. ఏ కాలమ్‌లో కిందికి ఒక్కో ట్రిప్పు ఎన్ని రోజులో రాశారు. మొదటి వరుసలో బీ1, సీ1, డీ1లలో రోజుకి డీజిల్ ఖర్చు, ఐసు ఖర్చు, భోజనాల ఖర్చు రాశారు. మధ్యలో పట్టిక మొత్తం నిండాలి. బీ2లో =$ఏ2*బీ$1 అని కొట్టి కుడికి లాగండి, తర్వాత కిందికి లాగండి. రోజులు ఎప్పుడూ ఏ కాలమ్ నుంచే రావాలి, వరుస మాత్రం మారాలి, అందుకే ఏ ముందు డాలర్. ధరలు ఎప్పుడూ ఒకటో వరుస నుంచే రావాలి, కాలమ్ మాత్రం మారాలి, అందుకే 1 ముందు డాలర్. ఒక్క ఫార్ములాతో పట్టికంతా నిండుతుంది. రెండు వైపులా డాలర్లు కొట్టేసి ఉంటే ప్రతి గడిలోనూ ఒకే అంకె వచ్చేది. వరుసగా ఒకే అంకె కనిపిస్తే డాలర్లు ఎక్కువయ్యాయని అర్థం.

డాలర్ మీద పెద్ద నమ్మకం పెట్టుకునేవాళ్లు రెండు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి, అది కాపీకి మాత్రమే అడ్డు. పైన కొత్త వరుస చొప్పిస్తే $జీ$1 కాస్తా $జీ$2 అవుతుంది. ఇది మనకి మంచిదే, రేటు ఎక్కడికి జరిగితే ఫార్ములా అక్కడికి వెళ్తుంది. రెండోది డబ్బుతో పని. రేటు ఒక్క సెల్‌లో ఉందంటే, దాన్ని మార్చిన రోజు పాత బిల్లులు కూడా మారిపోతాయి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి కదా, చాలా వస్తువులు 12 నుంచి 5 శాతానికి, 28 నుంచి 18 శాతానికి దిగాయి. రేటు సెల్‌లో 12 చెరిపి 5 కొడితే జులైలో కొన్న సరుకు మీద పన్ను కూడా 5 శాతం చూపిస్తుంది. మధ్యలో మారే రేటు ఏదైనా సరే, దానికి ఒక కాలమ్ ఇచ్చి ప్రతి వరుసలోనూ ఆ రోజు రేటు రాసుకోండి. అప్పుడు డాలర్ అవసరమే ఉండదు.

డాలర్‌కి అన్నదమ్ముడు లాంటిది పేరు పెట్టడం. జీ1 మీద క్లిక్ చేసి, ఫార్ములా బార్‌కి ఎడమ పక్కనున్న చిన్న పెట్టెలో ఇంగ్లీషులో కమీషన్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. పేరులో ఖాళీ ఉండకూడదు. ఇక =డీ2*కమీషన్ అని రాసుకోవచ్చు, ఎక్కడికి కాపీ చేసినా మారదు. ఫైల్ మీ తర్వాత ఇంకొకరి చేతికి వెళ్లేదైతే నేను డాలర్ కన్నా దీన్నే ఎంచుకుంటాను. $జీ$1 అంటే ఏంటో వెళ్లి చూసుకోవాలి, పేరైతే చదవగానే అర్థమవుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ సెల్ ఉన్న షీట్‌ని అదే ఫైల్‌లో ఇంకో కాపీ తీస్తే, కొత్త షీట్‌కి అదే పేరు విడిగా ఇంకొకటి పుడుతుంది. తర్వాత ఏ రేటు మారుస్తున్నామో తికమక. కంట్రోల్+ఎఫ్3 నొక్కితే పేర్లన్నీ కనిపిస్తాయి, అదనంగా పుట్టినవాటిని తీసేయండి.

ఒక్క ఫార్ములాని ఒక్కసారి ఉన్నదున్నట్టు దించాలంటే

దీనికి డాలర్లు పెట్టి, కాపీ చేసి, మళ్లీ డాలర్లు తీసేసేవాళ్లని చూశాను. అంత పని అక్కర్లేదు. సెల్ కాకుండా సెల్‌లోని అక్షరాలు కాపీ చేయండి. సెల్ మీద ఎఫ్2 నొక్కి, ఫార్ములా మొత్తం సెలెక్ట్ చేసి, కంట్రోల్+సీ కొట్టి, ఎస్కేప్ నొక్కండి. తర్వాత కావలసిన చోటికి వెళ్లి పేస్ట్ చేయండి. ఎస్కేప్ మరిచిపోకూడదు. అది నొక్కకుండా వేరే సెల్ మీద క్లిక్ చేస్తే, ఫార్ములాలోకి ఇంకేదో సెల్ చేర్చమంటున్నారనుకుని ఎక్సెల్ ఆ అడ్రసు తెచ్చి అందులో పెట్టేయవచ్చు. మంచిగా ఉన్న ఫార్ములా పాడవుతుంది.

కావలసింది సరిగ్గా పై సెల్‌లో ఉంటే ఎక్సెల్‌లో ఇంకా సులువు. కింది సెల్‌లో ఉండి, కంట్రోల్ పట్టుకుని ఎంటర్ పక్కనున్న కోట్ గుర్తు మీట నొక్కండి. పై ఫార్ములా ఒక్క అక్షరం మారకుండా దిగుతుంది. మొత్తం వేసిన వరుస కిందే ఇంకో వరుసలో అదే మొత్తం మీద వాటా లెక్క వేయడానికి నేను రోజూ వాడతాను.

కాపీ కాదు, చోటు మార్చడమే అయితే

అప్పుడు కట్ చేయండి. కంట్రోల్+ఎక్స్, కంట్రోల్+వీ. కట్ చేసిన ఫార్ములాలో అడ్రసులు మారవు. పైగా ఆ సెల్‌ని చూసే వేరే ఫార్ములాలు కూడా దాని వెంటే కొత్త చోటికి వస్తాయి. కాపీ చేసి, పాతది డిలీట్ చేయడం ఇదే పని అనుకుంటారు చాలామంది. అలా చేస్తే ఫార్ములాలో అడ్రసులు కదులుతాయి, దాన్ని చూసేవి మాత్రం ఖాళీ అయిన పాత చోటే చూస్తుంటాయి. ఒక్క ప్రమాదం ఉంది. వేరే ఫార్ములాలు చూస్తున్న సెల్ మీదికి కట్ చేసింది తెచ్చి పేస్ట్ చేస్తే ఆ ఫార్ములాల్లో, చూడాల్సిన సెల్ దొరకట్లేదని చెప్పే రెఫ్ ఎర్రర్ వస్తుంది. ఖాళీగా ఉన్న, ఎవరూ వాడని చోటే చూసుకోండి.

పెద్ద ముక్క మొత్తం కాపీ కావాలంటే

యాభై, వంద ఫార్ములాలున్న పట్టికకి పక్కనే ఇంకో కాపీ కావాలి, రెండూ ఒకే సెల్స్‌ని చూడాలి. ఓనర్ ఒక వాటా చెప్పాడు, కళాసీలు ఇంకోటి అడుగుతున్నారు, రెండు రకాలుగా లెక్క చూపించాలన్నప్పుడు నాకు ఈ అవసరం పడుతుంది. ఇక్కడ రెండు దారులున్నాయి.

మొదటిది ఫైండ్ అండ్ రీప్లేస్. పట్టికని సెలెక్ట్ చేసి, కంట్రోల్+హెచ్ నొక్కి, = ఉన్నచోటల్లా విశాఖ= అని మార్చండి. ఫార్ములాలన్నీ మామూలు అక్షరాలైపోతాయి. వాటిని కాపీ చేసి కొత్త చోట పేస్ట్ చేసి, మళ్లీ విశాఖ= ఉన్నచోటల్లా = అని మార్చండి. చాలామంది = బదులు # పెట్టమంటారు. ఆ గుర్తు షీట్‌లో ఇంకెక్కడైనా ఉంటే అది కూడా = అయిపోతుంది. మీ ఫార్ములాల్లో ఎక్కడా ఉండని తెలుగు మాట పెట్టుకుంటే ఆ గొడవ లేదు. ఫార్ములా మధ్యలో >= లాంటివి ఉన్నా ఇబ్బంది లేదు, వెళ్లినట్టే వెనక్కి వస్తాయి. అయితే ఒకే ఒక్క సెల్ సెలెక్ట్ చేసి ఉండగా రీప్లేస్ ఆల్ నొక్కితే షీట్ మొత్తం మారుతుంది. ఇంకా, రెండో విడతలో కొత్త పట్టికనే కాదు, పాత పట్టికని కూడా వెనక్కి మార్చాలి. హడావుడిలో మరిచిపోయేది అదే.

రెండోది నోట్‌ప్యాడ్ దారి, నాకు ఇదే ఇష్టం. కీబోర్డు ఇంగ్లీషులో పెట్టుకుని, కంట్రోల్‌తోపాటు ట్యాబ్ పైనున్న మీట నొక్కితే అంకెల బదులు ఫార్ములాలే కనిపిస్తాయి. మెనూలో అయితే ఫార్ములాస్ ట్యాబ్‌లో షో ఫార్ములాస్. ఇప్పుడు పట్టిక కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడి నుంచి మొత్తం కాపీ చేసి షీట్‌లో కొత్త చోట మొదటి సెల్ మీద పేస్ట్ చేయండి. మళ్లీ అదే మీట నొక్కితే అంకెలు వచ్చేస్తాయి. గీతలు, రంగులు రావు, వాటిని విడిగా పెట్టుకోవాలి. అయినా నేను దీన్నే ఎంచుకునేది ఎందుకంటే, అసలు పట్టిక మీద చెయ్యి పడదు. మధ్యలో కరెంటు పోయినా పాత లెక్క పాత లెక్కలాగే ఉంటుంది. పది సెల్స్ ఉంటే రీప్లేస్ చాలు, ఇంకొకరి డబ్బున్న పెద్ద పట్టికైతే నోట్‌ప్యాడ్.

ఎక్సెల్ టేబుల్స్ వాడేవాళ్లకి ఒక మాట. కాలమ్ పేర్లు చదరపు బ్రాకెట్లలో ఉండే ఫార్ములాలు కాపీ-పేస్ట్ చేస్తే మారవు, పక్కకి లాగితే మాత్రం పక్క కాలమ్‌కి జారతాయి. అందుకని టేబుల్‌లో పక్కకి లాగడం మానేసి కాపీ చేయండి.

కొత్త ఫైల్‌లోకి తీసుకెళ్లేటప్పుడు

సీజన్ మారినప్పుడు మాకు ఇదే పెద్ద టెన్షన్. ట్రిప్పుల షీట్‌లో ఫార్ములాలు రేట్ల షీట్‌ని చూస్తుంటాయి. ట్రిప్పుల షీట్ ఒక్కటే మూవ్ ఆర్ కాపీతో కొత్త ఫైల్‌లోకి పంపితే, ఫార్ములాలు పాత ఫైల్‌లోని రేట్లనే పట్టుకుని వేలాడతాయి. బ్రాకెట్‌లో పాత ఫైల్ పేరు కనిపిస్తుంది. కొత్త ఫైల్‌లో రేటు మార్చినా లెక్క మారదు. దీనికి డాలర్లు ఏమీ చేయలేవు. కంట్రోల్ పట్టుకుని రెండు షీట్ల ట్యాబ్‌లూ సెలెక్ట్ చేసి, రెండింటినీ ఒకేసారి పంపండి. అప్పుడు వాటి మధ్య బంధం కొత్త ఫైల్‌లోనే ఉంటుంది. ఇప్పటికే ఒక్కటి పంపేసి ఉంటే డేటా ట్యాబ్‌లో ఎడిట్ లింక్స్‌కి (కొత్త ఎక్సెల్‌లో వర్క్‌బుక్ లింక్స్) వెళ్లి, ఛేంజ్ సోర్స్‌లో కొత్త ఫైల్‌నే చూపించండి. అందులో అదే పేరుతో రేట్ల షీట్ ఉండాలి.

ఇన్‌డైరెక్ట్ ఫంక్షన్ గురించి కూడా అడుగుతుంటారు. అడ్రసుని కోట్స్‌లో అక్షరాల్లా రాస్తే కాపీ చేసినా, వరుసలు చొప్పించినా మారదు. ఎప్పుడూ పైనున్న రెండో వరుసే చూడాలి, మధ్యలో ఎన్ని వరుసలు చేర్చినా సరే అన్న అవసరానికి తప్ప దీని జోలికి వెళ్లవద్దంటాను. షీట్ పేరు మారిస్తే పనిచేయదు, వేరే ఫైల్‌ని చూస్తుంటే ఆ ఫైల్ తెరిచి ఉండాలి, ఎక్కువగా వాడితే షీట్ నెమ్మదిస్తుంది.

ఇన్ని చెప్పాక ఒకటి అడుగుతాను. మీకు కావలసింది ఫార్ములానా, అంకెనా? ట్రిప్పు లెక్క తేలి, అందరూ ఒప్పుకుని, డబ్బు పంచేశాక ఆ షీట్‌లో ఫార్ములాతో పనేముంది? నేనైతే పంచిన రోజే ఆ ట్రిప్పు మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, అక్కడే పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ అని పేస్ట్ చేసేస్తాను. ఇక జీ1లో ఏం మార్చినా పంచిన రోజు కాగితం మీద రాసిన అంకెలకీ, షీట్‌లో అంకెలకీ తేడా రాదు. ఫార్ములాలు ఖాళీ నమూనా ఫైల్‌లో భద్రంగా ఉంటాయి.

ఏ పద్ధతి వాడినా, ఫైల్ మూసేముందు మొదటి వరుస కాదు, చివరి వరుస కమీషన్ సెల్ మీద ఎఫ్2 నొక్కి చూడండి. ఫార్ములాలో ఒక్కో అడ్రసుకి ఒక్కో రంగు పడుతుంది, షీట్‌లో ఆ సెల్ చుట్టూ అదే రంగు గీత కనిపిస్తుంది. ఒక రంగు అదే వరుసలోని మొత్తం మీదా, ఇంకోటి పైనున్న రేటు మీదా ఉంటే సరే. రెండోది ఖాళీ సెల్ చుట్టూ ఉంటే ఇంకా పంచకండి.